గేరు పక్కన గుండ్రటి గుంట

ముప్పై రెండేళ్ల సర్వీసులో నేను రాసిన రిపోర్టులకు లెక్క లేదు. వాటిలో నా చేత్తో నేనే వెనక్కి తీసుకున్నది ఒక్కటే. వర్క్‌షాపుల్లో కొత్తగా చేరిన పిల్లలు కలిసినప్పుడు ‘సార్, మీ అనుభవం చెప్పండి’ అంటారు. బాగా చేసిన పనులు చెప్పుకోవాలని నోటిదాకా వస్తుంది. కానీ వాళ్లకు పనికొచ్చేది ఆ రిపోర్టు కథే. మీకూ అదే చెబుతాను. నవ్వుకుంటే నవ్వుకోండి. నాకు ఇప్పుడు నవ్వే వస్తుంది, అప్పుడు మాత్రం రాలేదు.

ఖమ్మంలో సర్కారు బండ్ల వర్క్‌షాపులో నేను ఆటో ఎలక్ట్రీషియన్ని. జీపులూ అంబులెన్సులూ నా చేతిలో పుట్టి పెరిగినంత ధీమాగా ఉండేవాణ్ణి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒక పికప్ బండి దిగింది. అడవి పల్లెలకు వైద్యం అందాలని విదేశాల్లో ఎవరో దాతలు పంపారు. ముందు రెండు వరుసల సీట్ల క్యాబిన్, వెనక తొట్టి. పినపాక అవతల ఒక దవాఖానాకు దాన్ని కేటాయించారు. ప్రతి గురువారం డాక్టరమ్మ అందులో మందుల పెట్టె, టీకాల ఐసు డబ్బా వేసుకుని అడవిలోకి వెళ్లాలి.

ఆ బండికి క్లచ్ లేదు. గేర్లు దానంతట అదే మార్చుకుంటుంది. ఆ మాట విని వర్క్‌షాపు వర్క్‌షాపంతా పని ఆపి చూడటానికి వచ్చింది. వచ్చిన బండిని విప్పి, తనిఖీ చేసి అప్పగించడం నా పని. సీట్ల మీది కవర్లు, మూలల్లో కుక్కిన థర్మకోలు, గేరు పక్కన గుంటలో ఇరికించిన నల్ల ప్లాస్టిక్ ముక్క, అద్దం మీది స్టిక్కర్లు, ఇలా ప్యాకింగు అనిపించిందల్లా పీకి చెత్తడబ్బాలో వేశాను. బండి శుభ్రంగా కనబడింది. నాకు నేనే శభాష్ అనుకున్నాను.

డ్రైవరు కాంట్రాక్టు మనిషి. అంతకుముందు లారీ నడిపేవాడు. సన్నగా, మాట తక్కువగా ఉండేవాడు. మొదటి రోజు పక్కన నన్ను కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. పదేళ్ల అలవాటు కదా, ఎడమ కాలు క్లచ్ కోసం వెతికి వెతికి బ్రేకు మీద పడింది. నా నుదురు అద్దానికి తగిలింది.

“కాలు కట్టేసుకో తమ్మీ,” అన్నాను బొప్పి రుద్దుకుంటూ.

“కాలు మాట ఇంటలేదన్నా,” అన్నాడు సిగ్గుపడుతూ. నిజంగానే తువ్వాలతో ఎడమ కాలిని సీటుకు కట్టుకుని వారం రోజులు నడిపాడు.

ఆయనకు ఉన్న వ్యసనం టీ ఒక్కటే. రోజుకు ఎనిమిది సార్లు తాగేవాడు. హోటలు వాళ్లు గ్లాసులు సరిగ్గా కడగరని సొంత గ్లాసు వెంట తిప్పుకునేవాడు. నల్లటి పెద్ద గ్లాసు. అది చూసి మేం ఆటపట్టించేవాళ్లం, ఆయన పట్టించుకునేవాడు కాదు.

కొన్ని నెలలు బండి బంగారంలా నడిచింది. చలి తగ్గుతున్న రోజుల్లో మొదటిసారి జబ్బు చేసింది. అడవి నుంచి తిరిగొస్తుంటే ముందు బోర్డు మీద గేరు దీపం టపటపా కొట్టుకోవడం, బండి మూడో గేరు పట్టుకుని ఇక వదలకపోవడం. ఆ బండిలో గేర్లు మార్చే పని ఒక చిన్న కంప్యూటరుది. చక్రాల వేగం ఎంతో చెప్పడానికి సెన్సార్లు, ఆ కబురు మోయడానికి వైర్లు ఉంటాయి. కబురులో తేడా వస్తే కంప్యూటరు భయపడి ఒకే గేరులో బిగుసుకుపోతుంది. చదును మీద ఎట్లాగో ఈడ్చుకొస్తుంది గానీ గుట్ట ఎక్కాలంటే మూలుగుతుంది.

మరునాడు ఖమ్మం తెచ్చేసరికి దీపం ఆరిపోయి, గేర్లు చక్కగా పడుతున్నాయి. అరగంట నడిపి చూశాను. ఏ రోగమూ లేదు. “నీ ఎడమ కాలే,” అని తేల్చి పంపేశాను.

రెండు వారాలకు మళ్లీ వచ్చింది. ఈసారి దాని పుస్తకం తెరిచాను. బండి కింద ఉండే ఒక ప్లగ్గులో రెండు పిన్నులను వైరు ముక్కతో కలిపితే, దీపం ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కపెట్టి లోపం తెలుసుకోవాలి. ఇప్పుడు మీరు ల్యాప్‌టాపు తగిలిస్తే పేరుతో సహా చెబుతుంది. మేం కళ్లార్పకుండా దీపం ముందు కూర్చుని వేళ్ల మీద లెక్కపెట్టాం. ఒకసారి పదకొండు, ఇంకోసారి పన్నెండు వచ్చింది. ఎవరో పక్కనుంచి తుమ్మితే మళ్లీ మొదటికి. చివరకు స్పీడు సెన్సారని తేలింది. దాన్ని తెప్పించి వేశాను. పది రోజులు ఆగి, బండి మళ్లీ వచ్చింది. మూడోసారి మూడు రోజులు బండి కింద పడుకుని, సెన్సారు నుంచి పైదాకా వైర్లన్నీ మార్చి, కొత్త తొడుగు వేశాను. అంత అందంగా వైరింగు నా సొంత ఇంట్లో కూడా చేయలేదు. వెళ్లిన గురువారమే దీపం కొట్టుకుంది.

ఈ రోజుల్లో నాకు ఒక మనిషి మీద గౌరవం పెరిగిపోయింది. ఆ దవాఖానా వాచ్‌మన్. బండి మా దగ్గర ఉన్నన్ని రోజులూ ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేసేవాడు. “బండి ఎట్లున్నది సార్? గురువారం కల్లా వస్తదా?” అని ఆయన గొంతులో బెంగ. పేషెంట్ల మీద ఇంత ప్రేమ ఉన్న వాచ్‌మన్‌ను నేను ఎక్కడా చూడలేదు.

బండ్ల వ్యవహారం చూసే మా పెద్దసారుకు ఓపిక తక్కువ. “కారణం రాసియ్యవయ్యా. కారణం లేకుండ ఫైలు ఎట్ల మూయాలె?” అని పట్టుకున్నాడు. నాలుగోసారి వచ్చిన బండిలోకి తల దూర్చాను. పుల్లటి వాసన వచ్చింది. కల్లు. కాస్త పాతబడిన కల్లు. అడవిలో తిరిగే బండి, లారీలు నడిపిన డ్రైవరు, కల్లు వాసన. ఇంకేం కావాలి? నా సెన్సారు సరైనదే, నా వైరింగు సరైనదే, తప్పు మనిషిది. ఆ క్షణం నాకు కలిగిన హాయి అంతా ఇంతా కాదు. వెంటనే రాసిచ్చాను: ‘వాహనములో కల్లు వాసన గమనించడమైనది. డ్రైవరు మత్తులో గేర్లను దుర్వినియోగపరచుట వలన లోపము కలుగుచున్నట్లు భావించడమైనది.’

పెద్దసారు సంతోషించాడు. నెలాఖరుకు డ్రైవరును తీసేసి, బండిని రిపేరుకు హైదరాబాదు పంపాలని నిర్ణయమైంది. ఇంకో బండి లేదు కాబట్టి గురువారం పల్లెలకు వెళ్లడం కూడా ఆగిపోతుంది.

ఆ కాగితం చేతికందాక డ్రైవరు నా దగ్గరకు వచ్చాడు. తిడతాడేమో అనుకున్నాను. వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

“కల్లు వాసన నిజమే అన్నా. నేను తాగింది మాత్రం అబద్ధం.”

“మరి ఎవరు తాగిన్రు?”

ఆ మాట దాటేశాడు. “ఇద్దరు ఆడపిల్లలు బడికి పోతున్నరు. గీ నౌకరి పోతే మళ్ల లారీ ఎక్కాలె, ఇంటికాడ ఉండేదుండదు. ఒక్క గురువారం బండిల కూసోండ్రి అన్నా. దాని తర్వాత మీ మనసుకు ఏది తోస్తే గది రాయుండ్రి.”

ఆ మాట నన్ను గుచ్చింది. ఒక్క గురువారం కూడా ఆ బండి తిరిగే దారి చూడకుండానే నేను ఒక మనిషి నౌకరి మీద సంతకం పెట్టాను.

బుధవారం సాయంత్రానికి దవాఖానా చేరాను. డాక్టరమ్మ సత్తుపల్లి వైపు మనిషి. గోళ్లు కత్తిరించుకోని వాళ్లను కలెక్టరైనా సరే కడిగేసే రకం. నా రిపోర్టు సంగతి ఆవిడకు తెలియదు. కాగితాలు ఖమ్మంలోనే తిరుగుతున్నాయి. బండి రిపేరుకు హైదరాబాదు పోతుందని మాత్రమే విన్నదట. “మీరే స్వయంగా వచ్చారా, మంచిదండీ,” అంది. నేను తల దించుకుని కరెంటు కొలిచే మీటరు సర్దుకున్నాను.

గురువారం పొద్దున బయల్దేరాం. డ్రైవరు పక్కన డాక్టరమ్మ. వెనక సీట్లో నేను, ఒళ్లో మీటరు, దాని నుంచి ముందుకు పోయే వైర్లు. పోయేటప్పుడు బండికి ఏమీ కాలేదు. వాగు దాటింది, గుట్ట ఎక్కింది, గేర్లు వెన్నలా పడ్డాయి. మీటరు ముల్లు నిద్రపోతోంది. ఇంక నా రిపోర్టే నిజమవుతుందేమోనని ఒక పక్క ఆశ, ఇంకో పక్క సిగ్గు.

ఊరు ముప్పై ఇళ్లు ఉంటుంది. చింతచెట్టు కింద బల్ల వేశారు. తల్లులు పిల్లలను ఎత్తుకుని వరుసగా నిలబడ్డారు. మధ్యాహ్నానికి ఏడుపులూ సూదులూ అయిపోయాయి. అప్పుడు ఒక ముసలమ్మ వచ్చింది. చేతిలో ఎండిన సొరకాయ బుర్ర, మూతికి ఆకులు కుక్కి ఉన్నాయి. ఆకుల మధ్య నుంచి తెల్లటి నురగ. వాళ్ల జీలుగు చెట్టు నుంచి పొద్దున దింపిన కల్లు.

ముసలమ్మ దాన్ని రెండు చేతులతో డాక్టరమ్మకు ఇచ్చింది. డాక్టరమ్మ రెండు చేతులతో తీసుకుంది. తీసుకుని నా వైపు చూసి ఎర్రబడిపోయింది.

“నేను ముట్టనండీ,” అంది గబగబా. “మొదటిసారి ఇచ్చినప్పుడు వద్దన్నాను. అంతే, ఊరు ఊరంతా పిల్లల్ని తీసుకుని ఇళ్లలోకి వెళ్లిపోయింది.”

ముసలమ్మకు ఏం మాట్లాడుతున్నామో అర్థమైంది. “నీ సూది మేం తీసుకుంటలేమా? మా కల్లు నువ్వెందుకు తీసుకోవు?” అంది నాతో, నేనేదో అడ్డం చెప్పినట్టు.

“చెట్టు కల్లు దిగినన్నాళ్లూ ప్రతి గురువారం ఇస్తుంది. తీసుకెళ్లి మా వాచ్‌మన్‌కి ఇస్తాను. ఖాళీ బుర్ర కడిగి తెచ్చి మళ్లీ ఆమెకిస్తాను,” అంది డాక్టరమ్మ.

వాచ్‌మన్ ఫోన్లన్నీ నా చెవుల్లో ఒక్కసారి మోగాయి.

బండెక్కాం. సొరకాయ బుర్రకు అడుగు గుండ్రం, కింద పెడితే నిలవదు. డాక్టరమ్మ అలవాటుగా దాన్ని గేరు పక్కనున్న గుండ్రటి గుంటలో కూర్చోబెట్టింది. కొలత తీసి చేసినట్టు సరిపోయింది. నేను చూశాను. చూసి కూడా నాకు ఏమీ తట్టలేదు. ముప్పై రెండేళ్ల అనుభవం అప్పటికి ఇంకా పూర్తి కాలేదు.

రాళ్ల దారిలో బండి కుదుపులకు తాజా కల్లు పొంగింది. ఆకులను తోసుకుని నురగ బుర్ర ఒంటి మీదుగా కారింది. డ్రైవరు ఒక చేత్తో స్టీరింగు పట్టి, ఇంకో చేత్తో గుడ్డ తీసి తుడిచాడు. గుడ్డకు అందింది కొంతే. మిగతాది గుంటలోకి దిగిపోయింది. ఒక మైలు పోయామో లేదో మీటరు ముల్లు నిద్ర లేచి గంతులు వేసింది. ముందు దీపం టపటపా కొట్టుకుంది. గుట్ట ఎక్కుతూ బండి మూలగడం మొదలుపెట్టింది.

“ఆపు! ఆపు!” అని అరిచాను. డ్రైవరు పాత అలవాటు గుర్తొచ్చి రెండు కాళ్లతో బ్రేకు తొక్కాడు. ఈసారి నా ముక్కు సీటుకు తగిలింది.

ఇప్పచెట్టు నీడలో బండి ఆపి, గేరు చుట్టూ ఉన్న డబ్బా నాలుగు స్క్రూలు విప్పి పైకి లేపాను. గుంట కింద సరిగ్గా గేరు కంప్యూటరు ఉంది. దాని ప్లగ్గు మీద బెల్లం పాకంలాంటి జిగురు, పొరలు పొరలుగా. పిన్నులు పచ్చగా చిలుం పట్టాయి. వాటి చుట్టూ చీమలు సంత పెట్టుకున్నాయి. నేను వారాల తరబడి బండి కింద వెతికిన లోపం వాటికి ఎప్పుడో దొరికింది. కల్లు తడిగా ఉన్నప్పుడు ఒక పిన్ను కబురు పక్క పిన్నుకు పోతుంది, కంప్యూటరు గాబరా పడుతుంది. ఖమ్మం వచ్చేసరికి ఎండిపోతుంది, రోగం మాయం. ముక్కు నాకు సరిగ్గానే చెప్పింది. చేతే తప్పుగా రాసింది.

కానీ ఒకటి అర్థం కాలేదు. అంత దూరం నుంచి బండి చేసి పంపినవాళ్లు కంప్యూటరు నెత్తి మీద బొక్క ఎందుకు వదిలారు? ఇంత తెలివితక్కువ వాళ్లా? అని పైకే తిట్టాను. డ్రైవరు ఫ్లాస్కు తీసి, తన నల్ల గ్లాసులో టీ పోసి నా చేతికిచ్చాడు. “తాగుండ్రి అన్నా, కోపం తగ్గుతది.”

తాగుతూ గ్లాసు చూశాను. దాని అంచుకు రెండు వైపులా చిన్న చెవులున్నాయి. గుంట అంచు చూశాను. రెండు వైపులా చిన్న గాట్లున్నాయి.

“ఇది యాడిది తమ్మీ?”

“మీరే పారేసిండ్రు గదన్నా, బండి దిగిన దినం. మంచిగున్నదని కడుక్కొని పెట్టుకున్న.”

మిగిలిన టీ పారబోసి గ్లాసును గుంటలో పెట్టాను. టక్కున కూర్చుంది. బండిలో పోతూ కాఫీ తాగేవాళ్ల కోసం చేసిన గుంట అది. ఒలికింది ఒలికినట్టు అందులోనే ఆగడానికి పెట్టిన గిన్నె ఇది. కదిలే బండిలో టీ తాగాలని మా ఖమ్మంలో ఎవరికి తోస్తుంది? దిగి, హోటలు ముందు నిలబడి, నాలుగు మాటలు మాట్లాడుతూ తాగుతాం. అందుకే అది నా కంటికి ప్యాకింగులా కనబడింది.

“మరి ఇన్నాళ్లూ తప్పు ఎక్కడుందని రాశారండీ?” అంది డాక్టరమ్మ. నేను నీళ్లు నమిలాను. ఆవిడ గోళ్లు చూసినట్టే నా మొహం చూసింది. ఇక దాచలేక రిపోర్టులో ఏం రాశానో చెప్పేశాను. ముందు నన్ను కడిగేసింది. చేతకానితనం, నిర్లక్ష్యం, ఇంకా ఇక్కడ రాయలేనివి. తర్వాత డ్రైవరు వైపు తిరిగింది.

“నీకు నోరు లేదా? ఆ వాసన అమ్మ తెచ్చే బుర్రదని చెప్పొచ్చుగా!”

“ఎట్ల చెప్తనమ్మా?” అన్నాడు ఆయన. “డ్రైవరు తాగిండంటే నలుగురు ఇని ఊకుంటరు. డాక్టరమ్మ కల్లు తెస్తదంటే ఖమ్మం అంతా తిప్పి తిప్పి చెప్పుకుంటరు. పేపర్లేస్తరు. రేపు మీరు బుర్ర వద్దంటే ఊరోళ్లు సూది వద్దంటరు. నా నౌకరి ఒక్కటే పోతది కదా అనుకున్న.”

డాక్టరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. నాకు తల ఎత్తడం చేతకాలేదు. జీవితంలో అంత చిన్నవాణ్ణి నేను ఎప్పుడూ కాలేదు.

కాసేపటికి ఆవిడే మందుల పెట్టె తెరిచి స్పిరిటు, దూది తీసింది. నేను ప్లగ్గు పట్టుకున్నాను. ఆవిడ సూదికి దూది చుట్టి ఒక్కో పిన్నూ తుడిచింది, పసిపిల్ల చెవి తుడిచినంత నెమ్మదిగా. చీమలను డ్రైవరు ఆకుతో పక్కకు తీశాడు, ఒక్కటి కూడా చావకుండా. అరగంట ఎండలో ఆరబెట్టి బిగించాం. దీపం ఆరిపోయింది. ఇంటిదాకా గేర్లు ఒక్కసారి కూడా మొరాయించలేదు. సొరకాయ బుర్రను మాత్రం దారి పొడుగునా నేనే ఒళ్లో పట్టుకుని కూర్చున్నాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఎదురొచ్చి, బండినీ నన్నూ కాదు, బుర్రను పలకరించాడు.

శుక్రవారం పొద్దున దవాఖానా బల్ల మీద కాగితం పెట్టుకుని కూర్చున్నాను. ‘తేమ చేరుట వలన’ అని ఒక ముక్క రాస్తే అందరూ బయటపడతాం. నా పేరు అప్పటికి ప్రమోషను లిస్టులో ఉంది. నిజం చెబుతున్నాను, ఆ ముక్క రాశాను కూడా. కానీ పాత రిపోర్టులో కల్లు అలాగే ఉంటుంది, దాని పక్కన డ్రైవరు అలాగే ఉంటాడు. వాళ్లిద్దరినీ విడదీయాలంటే ఆ కల్లు ఎవరిదో, గుంటలోకి ఎలా దిగిందో రాయక తప్పదు. మొదటి కాగితం చించి రెండోది రాశాను. డాక్టరమ్మ చదివి, కింద తన చేత్తో ఒక వాక్యం చేర్చి సంతకం పెట్టింది.

సోమవారం ముగ్గురం పెద్దసారు ముందు నిలబడ్డాం. ఆయన పైకే చదివాడు.

“ ‘గిన్నెను ప్యాకింగు అనుకొని తీసివేసినది నేనే’. ఇది నువ్వు. ‘సదరు కల్లు నాది’. ఇది... మీరా మేడం?”

“అవునండీ. ప్రతి గురువారం,” అంది డాక్టరమ్మ, మందు మోతాదు చెప్పినట్టు.

పెద్దసారు కళ్లజోడు పైకి తోసి మా ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. “కల్లు మేడంది. బొక్క చేసింది నువ్వు. మరి తాగిందెవరయ్యా?”

అప్పటిదాకా నోరు విప్పని డ్రైవరు చేతులు కట్టుకుని అన్నాడు: “తాగింది కంప్యూటరు సార్. పేరొచ్చింది నాకు.”

పెద్దసారు నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. దగ్గు వచ్చేదాకా నవ్వి, డ్రైవరు మీది కాగితం కొట్టేశాడు. బండి హైదరాబాదు పోలేదు. గురువారాలు ఆగలేదు. నాకు ఒక మెమో వచ్చింది, ప్రమోషను ఒక ఏడాది వెనక్కి జరిగింది. మా ఇంటావిడ ఇప్పటికీ ఆ ఏడాది గుర్తుచేస్తుంది. నేను చేసినదానికి ఆ శిక్ష తక్కువే అని నాకు తెలుసు.

ఆ సోమవారమే ఆఫీసు బయట టీకొట్టు దగ్గర డ్రైవరు కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. టీ కావాలి, గ్లాసు లేదు. అది ఇప్పుడు గుంటలో తన ఉద్యోగం తను చేసుకుంటోంది. నేను బజారుకు వెళ్లి ఒక మంచి స్టీలు గ్లాసు కొని తెచ్చాను. “తమ్మీ, తప్పు చేసిన. మనసుల పెట్టుకోకు,” అని చేతిలో పెట్టాను.

ఆయన గ్లాసును అటూ ఇటూ తిప్పి, అంచు తడిమి, అడుగు చూసి, నా మొహంలోకి చూశాడు.

“గిది ఏ బండిలకెంచి పీకిన్రన్నా?”